పసుపు మూత బావి గ్రాఫు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. రెండు వందల తొంభై మూడు చుక్కలు. ఆరు రంగులు. అయిదు దశాంశ బిందువులు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక గీత మొత్తం. నావి మూడు వారాల మధ్యాహ్నాలు. ఒక బావి.

బావిని చివర రాయడానికి కారణం ఉంది. మొదటే రాస్తే మిగతావి ఎవరి కంటికీ ఆనవు. కానీ బావి చెయ్యి దాటకముందు పోయినవి అవే.

నేను వేబ్రిడ్జి గుమాస్తాను. కృష్ణపట్నం రేవుకు పోయే లారీలు మా కాటా ఎక్కి దిగుతాయి. ఖాళీ బరువు, నిండు బరువు, తేడా. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇంటర్ తప్పాను, లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. కంప్యూటర్లో పట్టికలు కట్టడం, వాటి నుంచి గ్రాఫులు గీయించడం లారీకీ లారీకీ మధ్య నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరూ అడగకపోయినా ఏదో ఒకటి కొలిచి రాసుకోవడం నా అలవాటు. మా ఇంట్లో దీన్ని జబ్బు కింద లెక్కవేస్తారు.

మా ఊరు కోటకూ వాకాడుకూ నడుమ, సముద్రం వైపు. కొన్ని ఇళ్లు, ఒక చర్చి, వరి చేలు, వాటిని మూడు వైపుల నుంచి కమ్ముకుంటూ వచ్చిన రొయ్యల గుంటలు. ఊళ్లో ఆరు బావులు. అన్నిట్లోకీ తియ్యటి నీళ్లు చేల అంచున ఉండే అక్క బావివి. అక్క అంటే నాకు చుట్టరికమేమీ లేదు. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. చర్చిలో ఆడవాళ్ల వైపు ముందు వరుసలో కూర్చుంటుంది. అర ఎకరం వరి, ఆ బావి, అంతే ఆమెకున్నది. ఊరంతా తాగేది ఆ నీళ్లే.

ఆమె చేను పక్క నేల చెక్కను ఎవరో రొయ్యల గుంటకు తీసుకున్నారని తెలిసిన వారంలోనే నేను ఒక టీడీఎస్ మీటరు కొన్నాను. పెన్నంత ఉంటుంది. కొన నీళ్లలో ముంచితే అందులో ఉప్పులు ఎంత కరిగి ఉన్నాయో అంకె చూపిస్తుంది. గుంట రాకముందు నీళ్లు ఎలా ఉండేవో రాసి పెట్టుకుంటే, రేపు గుంటను ఆపమని అడగడానికి చేతిలో ఆధారం ఉంటుందని నా ఆలోచన.

వారమంతా నేను కాటా దగ్గరే. ఇల్లిల్లూ తిరిగి కొలిచే తీరిక లేదు. అందుకని ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు బావి ఉన్న ఇంటివాళ్లు తలా ఒక సీసాడు నీళ్లు తెచ్చేటట్టు అనుకున్నాం. అన్నీ కూల్‌డ్రింకు సీసాలే. పేరు రాసి అంటించిన కాగితం తడిసి ఊడిపోతుంది కనుక మూత రంగే గుర్తు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నారింజ, నలుపు. అక్కది పసుపు. ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో సీసాతో వచ్చేవాళ్లు. ప్రసంగం అయ్యేదాకా ఆ సీసాలు చర్చి కిటికీ గట్టు మీద వరుసగా నిలబడి ఉండేవి. ఆశీర్వాదం అయిపోయి నేను జేబులోంచి మీటరు తీయగానే చుట్టూ మూగేవాళ్లు.

"ఏందబ్బయా, మా పిల్లకి జొరం ఎంతుంది?" అక్క ప్రతి వారం ఇదే మాట అడిగేది. పిల్ల అంటే బావి.

"సున్నా పాయింట్ ఆరు, అక్కా."

"ఇంగేం. స్నానం చేయించి బడికి పంపిస్తా."

మీటరు చూపించే అంకెలు నిజానికి వందల్లో ఉంటాయి. ఆరు వందల పది, ఆరు వందల ఇరవై. నేను వాటిని వెయ్యితో భాగించి, లీటరుకు ఇన్ని గ్రాములని మార్చి రాసుకునేవాణ్ణి. సున్నా పాయింట్ ఆరు అంటే చదువుకున్న లెక్కలా ఉంటుందని. అది నా సోకు.

నాకొక నియమం కూడా ఉండేది. ఆ పొద్దున తోడిన నీళ్లే కొలవాలి. రోజు దాటిన నీళ్లు పారబోయాలి. ఎక్కడో చదివాను. ఎందుకో మాత్రం చదవలేదు.

ముప్పై ఆదివారాలు సాఫీగా జరిగాయి. అక్క బావి ముప్పై సార్లూ సున్నా పాయింట్ ఆరు దగ్గరే ఉంది. ముప్పై ఒకటో ఆదివారానికి ముందు తుఫాను వచ్చింది. అప్పటికి గుంట తవ్వడం అయింది, నీళ్లు పెట్టలేదు. దారి మునిగి నేను కాటా గదిలోనే ఉండిపోయాను. ముప్పై రెండో ఆదివారానికి దారి తేలింది. కానీ ఆగిపోయిన లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. నా తర్వాత డ్యూటీకి రావాల్సిన మనిషి ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. నేను వరసగా రెండు డ్యూటీలు చేశాను. మొదటి ఆదివారం దారి లేదు. రెండో ఆదివారం దారి ఉంది, నేను వెళ్లలేదు. ఆ రెండు ఆదివారాల మధ్యలోనే గుంటలోకి కాలువ నుంచి ఉప్పునీళ్లు మోటార్లతో తోడి పెట్టారు.

ముప్పై మూడో ఆదివారం నేను వెళ్లేసరికి కిటికీ గట్టు మీద ఎనిమిది సీసాలున్నాయి. ఆరు ఆ రోజువి. పసుపు మూతవి రెండు ఎక్కువ. ఆ వానల్లో మిగతా ఇళ్లవాళ్లెవరూ నీళ్లు తేలేదు. అక్క మాత్రం రెండు వారాలూ తెచ్చి అక్కడ పెట్టి వెళ్లింది. ఆరాధన అయ్యాక ఆమె లోపల చాపలు చుడుతూ ఉంది. నేను నా నియమం ప్రకారం ఆ పాత సీసాలు రెండూ గట్టు కింది క్రోటన్ మొక్క మొదట్లో ఒంపేసి, కడిగి, బోర్లించాను. తర్వాత ఆ రోజువి కొలిచాను. పసుపు మూత దగ్గర అంకె రెండు వేల వంద చూపించింది. మీటరు చెడిందేమోనని మూడు సార్లు తుడిచి ముంచాను. నా పద్ధతిలో రెండు పాయింట్ ఒకటి.

అక్క చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"నువ్వు చెప్పబల్లేదులే, నాకు తెలుసు. పోయిన వారమే నోట్లో పోసుకోంగానే తెలిసినాది. తుఫానప్పుడు తెచ్చిన సీసాలోవి మాత్రం తీపే. ఆ తర్వాత వారంవే మారినాయి. ఆ రెండూ కొలిచినావా?"

"పాతవి కదక్కా. పారబోసినా."

"పారబోసినావా?"

క్రోటన్ మొక్క కింద మట్టి ఇంకా తడిగా ఉంది. ఆమె దానివైపు చూసి, కడిగిన రెండు సీసాలూ సంచిలో వేసుకుని వెళ్లింది.

అప్పుడే అర్జీ పెట్టి ఉండాల్సింది. ఏడాది నిండనివ్వండి, లెక్క పూర్తిగా ఉంటుంది అన్నాను నేనే. యాభై రెండు ఆదివారాలు నిండాయి. వాటిలో నేను వెళ్లనివి రెండు. ఆరు బావులకు యాభై చొప్పున మూడు వందల చుక్కలు. మిగతా ఇళ్లవాళ్లు అప్పుడప్పుడు మరచిపోయినవి ఏడు. రెండు వందల తొంభై మూడు. అక్క ఒక్కసారి కూడా మరవలేదు.

గుంటల మీద ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ కూర్చుంటుందని తెలిసింది. కాటా గదిలో కంప్యూటర్ మీద గ్రాఫు గీశాను. అడుగున ఆదివారాలు, పక్కన గ్రాములు: 0.5, 1.0, 1.5, 2.0, 2.5. ఎవరి బావి గీతను వాళ్లు గుర్తు పట్టాలని మూతల రంగులే గీతలకూ వేశాను. తెర మీద చూస్తే పండగలా ఉంది.

అర్జీ టైపు చేసింది కోటలో ఒక డీటీపీ షాపులో. ఆ షాపు నడిపే ఆవిడకు ముప్పై దాటి ఉంటాయి, నన్ను అన్నా అంటుంది. నేను కంప్యూటర్ తెరను ఫోన్‌తో ఫొటో తీసి ఆమె ఫోన్‌కు పంపాను. ఆమె దాన్ని అర్జీ ఫైల్లో పెట్టింది. చిన్నదిగా ఉందంటే మూల పట్టి పేజీ వెడల్పుకు లాగింది. ఆమె దగ్గర ఉన్నది నలుపు ప్రింటరు. ఒకటి ప్రింటు తీసి, పక్క షాపులో అయిదు జిరాక్సులు తీయించాను. కవర్లో పెట్టి అంటించేశాను. రోజూ నాలుగు వందల తూకం చీటీలు సరిచూసే మనిషిని, ఆ జిరాక్సు ఒక్కసారి చూడలేదు.

కమిటీ ముందుకు పోయే రోజు బస్సులో అక్క కవరు విప్పించింది. అట్టే చూసింది.

"అబ్బయా, ఇందులో నా గీత యాడుంది?"

నేను కాగితం కిటికీ వెలుగుకు పట్టాను. అయిదు గీతలు, అన్నీ ఒకే బూడిద రంగు, ఒకదాని మీద ఒకటి. చుక్క ఒక్కటీ విడిగా తెలియడం లేదు. పసుపు గీత లేదు. నలుపు ప్రింటులో లేత బూడిదై, జిరాక్సులో తెల్ల కాగితంలో కలిసిపోయింది.

"ఉందక్కా, కనపడ్డంలా."

"ఊరి గొడవ నాదంట, బొమ్మలో నేను తప్ప అందరూ ఉండారు" అంది పక్క సీటావిడతో. పక్క సీటావిడ నవ్వింది. అక్క నవ్వలేదు.

కమిటీలో పెద్దగా ఉన్న అధికారి అర్జీ రెండు సార్లు చదివాడు. దురుసు మనిషి కాదు.

"రాతలో ఈమె బావి నీళ్లు రెండు పాయింట్ ఒకటి అన్నారు. పటంలో పక్కన చూస్తే ఇరవై, ఇరవై అయిదు అని ఉంది. సముద్రం నీళ్లే ముప్పై అయిదుంటాయి. ఇవి తాగి మీరు బస్సెక్కి ఎలా వచ్చారండీ?"

గదిలో అందరూ నవ్వారు. నేను కాగితం మీదికి వంగాను. దశాంశ బిందువులు అయిదూ పోయాయి. 0.5 అన్నది 05 అయింది, 2.5 అన్నది 25 అయింది. వందల్లోనే ఉంచి ఉంటే పోవడానికి బిందువే ఉండేది కాదు. నా సోకు అక్కడ తేలింది.

గుంట యజమాని కూడా వచ్చాడు. "తుఫానుకు సముద్రం పొంగినాది సార్. మిగతా బావులు మెరకన ఉండాయి, ఆమెది పల్లం. దాంట్లోకి ఉప్పొస్తే నా గుంట ఏం చేసినాది? వాన దేవుణ్ణి పిలిపించండి" అన్నాడు.

అధికారి మూడు వారాల గడువు ఇచ్చాడు. "సరిగ్గా కనపడే పటం తీసుకురండి. ఉప్పు తుఫానుతో వచ్చిందా, గుంట నింపాక వచ్చిందా, అది పటంలో తేలాలి. గుంట నింపాకే అని తేలితే నీళ్లు తీసేయించి ఆపిస్తాం."

ఆ మూడు వారాలు నేను పొద్దుటి డ్యూటీకి మార్పించుకుని, మధ్యాహ్నాలు కోట షాపులో కూర్చున్నాను. అర్జీలవాళ్లు ఎవరూ రాని వేళ.

"నీ బొమ్మని నేను సాగదీసినా అన్నా, సాగింది. నన్నేం చేయమంటావు? రబ్బరనుకున్నా" అంది ఆవిడ మొదటి రోజు.

లెక్క వేసి చూశాను. నేను పంపిన ఫొటో ఫోన్‌లోంచి ఫోన్‌కు వెళ్లేటప్పుడే కుదించుకుపోయి, అడ్డంగా నాలుగు వందల ఎనభై గడులతో, అంటే పిక్సెళ్లతో, ఆమెకు చేరింది. పేజీ మీద దాన్ని ఆరంగుళాలకు లాగాం. అంగుళానికి ఎనభై గడులు. ప్రింటరు అంగుళానికి ఆరు వందలు వేయగలదు. దశాంశ బిందువు ఒక గడిలో సగం కూడా లేదు. సగం గడిని యంత్రం ఏం చేస్తుంది, పక్క తెలుపులో కలిపేస్తుంది.

ఒక్కొక్కటి సరిచేసుకుంటూ వచ్చాం. తెర ఫొటో మానేసి, పట్టిక ఫైలునే పెన్ డ్రైవులో తెచ్చాను. గ్రాఫును బొమ్మగా కాకుండా గీతలుగా అర్జీలో అతికించే దారి మెనూలో ఉంది; అలా అతికిస్తే ఎంత లాగినా అంచు చెదరదు. అది కనుక్కోవడానికి నాకు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. లాగే పనే లేకుండా గ్రాఫును మొదటే ఆరంగుళాల వెడల్పుకు గీశాను. అందులోని అక్షరాలు అర్జీ అక్షరాలకంటే మరీ చిన్నవి కాకుండా చూశాను. సేవ్ చేసేటప్పుడు బొమ్మలను కుదించే టిక్కు ఒకటి సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. గీతలుగా పెట్టినదానికి దాంతో పని లేకపోయినా, అదీ తీసేశాం. రంగులు వదిలేశాను. అయిదు బావులకు సన్న గీతలు: ఒకటి తెగినది, ఒకటి చుక్కలది, అలా. పసుపు మూతకు లావు నల్ల గీత, నల్ల త్రికోణాలు. గ్రాములు తీసేసి వందలు పెట్టాను. పీడీఎఫ్ చేసి దాన్నే ప్రింటు తీశాం. జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకు ఇంకో జిరాక్సు తీసి చూశాను. అప్పటికీ ప్రతి అంకె చదవొచ్చు, ప్రతి త్రికోణం లెక్కపెట్టొచ్చు.

"అబ్బ, ఏం నిగనిగలాడుతుందన్నా. పెళ్లి పత్రికలో ఏద్దామా?" అంది షాపావిడ.

నేను లెక్కపెడుతున్నాను. ముప్పై త్రికోణాలు కింద, బారుగా. ఇరవై త్రికోణాలు పైన, బారుగా. మధ్యలో రెండు ఆదివారాల తెల్ల చోటు. పాత బొమ్మలో అది కనపడలేదు. కంప్యూటర్ తనంతట తాను అటూ ఇటూ కలిపి గీత లాగేసింది, మసకలో ఏది కొలిచిందో ఏది కలిపిందో తెలియలేదు. ఈసారి కొలవని చోట గీత వేయకుండా నేనే ఆపాను. అది నిజాయితీ అనుకున్నాను. అనుకోవడం కాదు, అదే సరైన పద్ధతి. కానీ అధికారి అడిగిన ప్రశ్నకు జవాబు ఉండాల్సింది సరిగ్గా ఆ తెల్ల చోటులోనే. మూడు వారాలు కష్టపడి నేను స్పష్టంగా చూపించగలిగింది నేను రాని రెండు వారాలను.

రెండోసారి కమిటీలో ఎవరూ నవ్వలేదు. అధికారి కాగితం చూసి, "ఇది పటమంటే" అన్నాడు. తర్వాత పెన్ను తెల్ల చోటు మీద పెట్టాడు.

"తుఫాను ఇక్కడ. గుంట నింపింది ఇక్కడ. ఈ రెండు వారాల అంకెలేవి?"

"నేను పోలేదు సార్."

అక్క లేచి నిలబడింది. "నేను తెచ్చినా సార్. రెండు ఆదివారాలూ తెచ్చినా. మొదటి సీసా తీపి. రెండోది ఉప్పు. నా నోటితో చూసినా."

"అంకె ఉందా అమ్మా?"

అక్క నా వైపు చూసింది. గుంట యజమాని కూడా చూశాడు. అధికారి కూడా చూశాడు.

"లేదు సార్" అన్నాను.

ఉప్పు దేనివల్ల వచ్చిందో అర్జీదారులు చూపలేకపోయారని కాగితం వచ్చింది. గుంట ఉంది. అక్క బావి నీళ్లతో ఇప్పుడు అంట్లు తోముకుంటారు. తాగడానికి ఊరికి ఆటోలో క్యాన్లు వస్తాయి. అర ఎకరంలో సగం వరి కంకి పడకుండానే ఎర్రబడింది. ఆదివారం సీసాలు తేవడం ఎవరూ చెప్పకుండానే ఆగిపోయింది.

ఆ తర్వాత ఒక పని చేశాను. నీళ్లు ఒక సీసాలో పట్టి, కొలిచి, మూత బిగించి, అదే కిటికీ గట్టు మీద పద్నాలుగు రోజులు ఉంచాను. ఎండ, మంచు, అన్నీ తగలనిచ్చాను. పదిహేనో రోజు కొలిచాను. అంకె మారలేదు. మూత బిగించిన సీసాలోంచి ఉప్పు ఎక్కడికి పోతుంది? ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే రాస్తున్నాను.

ఫైలు ఎలాగూ ఉంది కదా అని, ఏ ఇంటి బావి గ్రాఫు ఆ ఇంటికి విడిగా, రంగుల్లో, మంచి కాగితం మీద నెల్లూరులో ప్రింటు తీయించాను. అయిదిళ్లవాళ్లు తీసుకున్నారు. ఒకరు లామినేషన్ చేయించి క్యాలెండరు పక్కన తగిలించారు. అక్క దగ్గరికి చివర వెళ్లాను. ఆమె మంచం మీద కాగితం పరిచి, చీపురుపుల్లతో ఒక్కొక్క త్రికోణం మీద కొడుతూ లెక్కపెట్టింది.

"యాభై ఉండాయి."

"అవునక్కా."

"నేను తెచ్చినవి ఎన్ని?"

"యాభై రెండు."

"అంకెల మనిషివి గదా, నువ్వే చెప్పు మరి. ఆ రెండూ పెట్టి తీసకరా. అప్పుడు తీసుకుంటా." కాగితం చుట్టి నా చేతిలో పెట్టింది. కోపంగా కాదు. దుకాణంలో తూకం తక్కువొచ్చిన పొట్లం తిరిగిచ్చినట్టు.

కోట షాపావిడకు చెప్తే, "పెట్టెయ్యన్నా. రెండు చుక్కలే గదా. ఒకటి కింద, ఒకటి పైన. ఆమె చెప్పింది అదే గదా. ఎవరు చూడొచ్చినారు?" అంది. పెట్టడం ఎంతసేపు, రెండు గడుల్లో రెండు అంకెలు కొట్టడమే. మొదటిది ఆరు వందల దగ్గర. రెండోది? రెండు వేల వందా, పదిహేను వందలా? ఆమె నోటికి తెలిసింది. నా దగ్గర లేదు. ఆ ఫైలు తెరుస్తాను. ముప్పై ఒకటి, ముప్పై రెండు అన్న వరుసల దగ్గర ఆగుతాను. మూసేస్తాను. కాటా మీదికి లారీ వస్తుంది.

ఇప్పటికీ ఆదివారం ఆరాధన అయ్యాక అక్క పలకరిస్తుంది. జొరం సంగతి అడగదు. "తెచ్చినావా అబ్బయా?" అంటుంది. "ఇంకా లేదక్కా" అంటాను.

పసుపు మూత ఇంటికి ఇవ్వాల్సిన గ్రాఫు చుట్టినది చుట్టినట్టే నా దగ్గర ఉంది. అందులో ఉండాల్సినవి యాభై రెండు. ఉన్నవి యాభై. నేను పడిన బాకీ రెండు.